అమ్మ శాలువా, సురభి రాత్రులు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు, చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు బయల్దేరాక, నేనూ మా వదినా వెనక గదిలో ట్రంకు పెట్టె ముందు కూర్చున్నాం. గొళ్ళెం తుప్పు పట్టి కదల్లేదు. వదిన రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, పచ్చడి బండతో నెమ్మదిగా తట్టింది. మూత లేవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఘాటుకేననుకుంది వదిన.

పైన నాన్న పెళ్ళినాటి కోటు. దాని కింద పాత పేపర్లో చుట్టి, మడతల మధ్య వేపాకు వేసి దాచిన అమ్మ శాలువా. ముదురు కుంకుమ రంగు, అంచు పొడవునా మామిడి పిందెల కుట్టు. వేపాకు చెయ్యి తగిలితే పొడైపోయింది. శాలువా మాత్రం పైకి చెక్కుచెదరనట్టే ఉంది. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే కలరా ఉండల వాసన అడుగున ఇంకేదో వాసన. ముఖానికి పూసుకునే రంగు, కొబ్బరినూనె, కాస్త సాంబ్రాణి. ఇన్నేళ్ళు ఆ వాసన నిలుస్తుందా అంటే చెప్పలేను, నాకైతే తెలిసింది. ఒక మూల అరచెయ్యంత మేర గులాబీ రంగు మరక ఉంది. కుచ్చుల్లో ఇరుక్కుని ఒకే ఒక్క చెమ్కీ.

మా అమ్మ చెమ్కీల చీర ఏనాడూ కట్టలేదు. ఆ చెమ్కీ ఎవరిదో నాకు తెలుసు.

"నువ్వే తీసుకెళ్ళు, నీకే చెందాలి" అంది వదిన. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

*

మా ఊరు తెనాలికి దగ్గర. కోతలు అయిపోయి, కుప్పలు వేసి, జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో సురభి వాళ్ళు దిగేవాళ్ళు. రెండు మూడు లారీల నిండా గుంజలు, రేకులు, చుట్టిన తెరలు, తాళాలేసిన పెట్టెలు, వంట గిన్నెలు. వాటి మీద కూర్చుని పిల్లలు, ముసలివాళ్ళు. అది నాటకాల కంపెనీలా ఉండేది కాదు, ఒక కుటుంబం ఇల్లు మారుతున్నట్టుండేది. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలోనే గుడారం వేసేవాళ్ళు. మూడు రోజులు గునపాల చప్పుడు, రేకుల చప్పుడు. నాలుగో రోజుకల్లా అక్కడ ఒక నాటకశాల లేచి నిలబడేది.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ విషయమైనా పుట్టుక దగ్గర్నుంచి చెబితేగానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. "వీళ్ళ పెద్దలు తోలుబొమ్మలాట ఆడించేవాళ్ళమ్మా. 1885లో కడప జిల్లాలో సురభి అనే ఊళ్ళో ఒక పెళ్ళికి పిలిస్తే, బొమ్మల్ని పక్కన పెట్టి తామే వేషాలు కట్టి కీచకుడి కథ ఆడారు. అందుకే ఆ ఊరి పేరే వీళ్ళ పేరయింది" అని వనారస గోవిందరావు గారి గురించి చెప్పేవారు. ఆ రోజుల్లో ఆడ వేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు, వీళ్ళు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ళనే రంగస్థలం ఎక్కించారని చెప్పేటప్పుడు నాన్న గొంతులో గౌరవం వినిపించేది. అలా పెరిగిన కుటుంబం కొమ్మలు వేసి, ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలయ్యాయి. మా ఊరికి వచ్చింది అందులో ఒకటి.

వాళ్ళ ఆడవాళ్ళు మంచినీళ్ళకు మా బావికి వచ్చేవాళ్ళు. రాత్రి మహారాణిగా చూసిన మనిషి తెల్లారేసరికి వాయిల్ చీర దోపుకుని, బిందె చంకన పెట్టుకుని మా గిలక దగ్గర నిలబడి ఉండేది. కనుబొమల దగ్గర నల్ల రంగు పూర్తిగా పోయేది కాదు. నేను రెప్ప వేయకుండా చూస్తుంటే నవ్వి, "ఏం పాపా, బడి లేదా?" అనేది. సమాధానం చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు.

మధ్యాహ్నం రిక్షాకి మైకు కట్టుకుని ఊరంతా తిరిగేవాళ్ళు. కరపత్రాలు గాల్లోకి విసిరితే పిల్లలందరం వెనకాలే పరుగు. గులాబీ రంగు, పసుపు, ఆకుపచ్చ. పల్చటి కాగితాలు, వేళ్ళకు సిరా అంటుకునేది. నా దగ్గర లెక్కల పుస్తకం నిండా అవే.

*

చలికాలంలో నాటకానికి తయారవడం మధ్యాహ్నం నుంచే మొదలు. అమ్మ ట్రంకు పెట్టె తెరిచి ఉన్ని బట్టలన్నీ తీసి, వాసన పోవాలని పెరట్లో నీడ పట్టున దండెం మీద వేసేది. శాలువాని ఎండలో వెయ్యనిచ్చేది కాదు, రంగు వెలిసిపోతుందని. సాయంత్రం దాకా గాలికున్నా ఆ వాసన పోయేది కాదు. మా ఇంట్లోనే కాదు, అందరిళ్ళలోనూ అంతే. కుర్చీల వరసల్లో కూర్చున్న వాళ్ళందరి దగ్గరా కలరా ఉండల వాసన. నేల టికెట్ల వైపు గొంగళి వాసన, చుట్టపొగ, వేయించిన వేరుశనక్కాయలు. కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళినా ఎక్కడ కూర్చోబెట్టారో చెప్పేసేదాన్ని.

గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని అమ్మ పొయ్యి పక్కన పెట్టి కరిగించేది. ముందు నాకు తల, తర్వాత చెంపలకు, పగిలిన పెదాలకు వెన్న. నాన్నకు కోటు, మెడకు మఫ్లరు. తమ్ముడికి మంకీ క్యాప్. అది వాడికి నచ్చేది కాదు, చెవులు దురద అని ఏడ్చేవాడు.

నా స్వెట్టరు సంగతి ప్రత్యేకం. మా అత్తయ్య అల్లింది. పదో నంబరు సూదులు ఒంటికి, పన్నెండో నంబరు అంచులకు అని చెప్పేది. మొదట అది పూర్తిగా చిలకాకుపచ్చ. మరుసటేడు నా చేతులు పొడుగైతే, అత్తయ్య చేతుల అంచు కుట్లు విప్పి, అక్కణ్ణించి రెండంగుళాలు ఆవరంగు ఉన్నితో పెంచింది. ఆ పై ఏడు నీలం. ఆ తర్వాత బాబాయి స్వెట్టర్లో మిగిలిన ఎరుపు. నడుము దగ్గరా అదే వరస. నాలుగు చలికాలాలు ఆ స్వెట్టరు మీద చారలు చారలుగా కనిపించేవి. బళ్ళో స్నేహితురాళ్ళు ఎక్కడ కొన్నారని అడిగేవాళ్ళు. కొత్త స్వెట్టరు కొనుక్కునే స్తోమత లేక కాదు, అది ఇంకా బాగుంది కాబట్టే అత్తయ్య దాన్ని పారెయ్యనివ్వలేదు. ప్రతి ఏడూ చలి మొదలవగానే నన్ను గుమ్మం ముందు నిలబెట్టి, చేతులు చాపమని, తన జానతో కొలిచేది. ఆ జాన స్పర్శ నాకిప్పటికీ మణికట్టు మీద తెలుస్తుంది.

అందరి ముస్తాబూ అయ్యాక, చివర్లో అమ్మ. తెల్ల నేత చీర, తలలో డిసెంబరం పూలు, భుజాల చుట్టూ కుంకుమ రంగు శాలువా. దాన్ని కాశ్మీరు నుంచి మూటలు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చే శాలువాల అతని దగ్గర, మూడు నెలలు వాయిదాల మీద కొంది. ఎడమ భుజం మీదుగా వేసి, కుడి అంచుని వెనక నుంచి తెచ్చి ముంజేతి మీద వదిలేసేది. ఆ వేసుకునే తీరు అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. అమ్మమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందంటే, స్థానం నరసింహారావు గారి దగ్గర. 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడాయన. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు తెనాలిలో ఆయన సత్యభామ వేషం చూసొచ్చి, ఆ పైట, ఆ నడక, ఆ కొంగు తిప్పడం ఇంట్లో అద్దం ముందు సాధన చేసిందట. "మగవాడు కట్టి చూపించాకే మాకు చీర కట్టడం వచ్చిందే" అనేది అమ్మమ్మ, భక్తిగా.

*

మూడో గంట మోగేదాకా లోపల గోల గోలగా ఉండేది. తబలా ఆయన చిన్న సుత్తితో అంచుల మీద కొడుతూ శ్రుతి చూసుకుంటుంటే ఆ ఠంగ్ ఠంగ్ మా గుండెల్లో మోగేది. మంచుకి చర్మం సడలుతుందని, ఆటకు ముందు ఎంతసేపైనా సరిచూసుకునేవాడు. తర్వాత హార్మణీ. తెర వెనక నుంచి సాంబ్రాణి పొగ. ప్రార్థన మొదలవగానే నేలలో కూర్చున్నవాళ్ళు కూడా చుట్టలు ఆర్పేసేవాళ్ళు.

ఆ తర్వాత రెండు మూడు గంటలు మేము మా ఊళ్ళో లేము. అడవి తెర గిర్రున పైకి చుట్టుకుంటే దాని వెనక రాజమందిరం. అది లేస్తే సముద్రం. నారదుడు మబ్బు మీద దిగేవాడు. రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొంటే నిప్పురవ్వలు రాలేవి. ఒకసారి దీపం వెలుగు పడి బాణాన్ని లాగే తీగ సన్నగా మెరిసింది. తమ్ముడికి చూపించాను. వాడు చూసి కూడా, బాణం దూసుకొచ్చేసరికి నా ఒళ్ళోకి దూరాడు.

ప్రహ్లాదుడి కథ ఆడిన రాత్రి బాగా గుర్తు. ప్రహ్లాదుడికి ఎనిమిదేళ్ళుంటాయేమో. పుష్యమాసపు చలిలో ఒంటి మీద చొక్కా లేదు, మెళ్ళో పూసలు, నడుముకి చిన్న పట్టుపంచె. మేము స్వెట్టర్లలో ముడుచుకుని చూస్తున్నాం. ఆ పిల్లాడు స్తంభం ముందు చేతులు జోడించి నిలబడి, గొంతు వణక్కుండా పద్యం ఎత్తుకున్నాడు. హాలంతా వన్స్‌మోర్ అని అరిచింది. మళ్ళీ పాడాడు. మంగళం అయ్యాక మేం వెనక దారిన ఇంటికి వస్తుంటే, గుడారం పక్కన కుంపటి ముందు వాడు కనిపించాడు. నల్ల గొంగళిలో మెడ దాకా చుట్టేశారు. నుదుటి మీద నామం అలాగే ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మిరియాల పాలు తాగుతున్నాడు. మర్నాడు మా తమ్ముడితో గోళీలాడటానికి వస్తే, నాటకం గురించి ఎంత అడిగినా ఒక్క మాట చెప్పలేదు. గోళీల్లో మాత్రం అందర్నీ ఓడించి పోయాడు.

రాజుల వేషాలకు మఖమలు కోట్లు, జరీ పని, భుజకీర్తులు. అవి బరువే అయినా చలి ఆపుతాయి. ఆడవేషాలకేమో పల్చటి చీరలు, పొట్టి చేతుల రవికలు, చెమ్కీలు. అంత చలిలో వాళ్ళు అలాగే నిలబడి, దర్బారులో దీపాల కింద మెరిసిపోతూ పాడేవాళ్ళు. అది అమ్మ గమనించింది. నేను గమనించలేదు.

*

ఒకరోజు పగలల్లా ముసురు. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెప్పారు. నాటకం ఉండదనుకున్నాం. సాయంత్రానికి వాన కాస్త తెరిపిచ్చింది. మైకు రిక్షా వచ్చి ఆట ఉందని చెప్పి వెళ్ళింది. నాన్న వద్దన్నారు. "మనమే వెళ్ళకపోతే వాళ్ళకు రేపు పొయ్యి ఎలా వెలుగుతుందండీ" అంది అమ్మ. అంతే, కోటు తొడుక్కున్నారు.

జనం పావు వంతు కూడా లేరు. రేకుల సందుల్లోంచి ఈదురుగాలి. తెరలు గాలికి ఉబ్బి, రాజమందిరం ఊపిరి పీలుస్తున్నట్టుండేది. ఆ పూట రాణి వేషం కట్టింది మా బావికి నీళ్ళకొచ్చే ఆవిడే. పాపకు ఆర్నెల్లు. పాడుతూ పాడుతూ ఆవిడ ఒక క్షణం పక్కకు చూసింది. వెనక నుంచి పసిపిల్ల దగ్గు. హార్మణీ ఆయన ఆ దగ్గు మాకు వినపడకుండా శ్రుతి పెంచాడు. ఆవిడ పద్యం ఆపలేదు.

అంకం దిగాక అమ్మ లేచింది. నేనూ వెంట వెళ్ళాను. తెర వెనక అడుగుపెట్టడం నాకదే మొదటిసారి. పెట్రోమాక్స్ లైటు కింద అద్దం ముక్క, రంగు డబ్బాలు, కిరీటాలు బోర్లించిన చాప. రెండు గుంజల మధ్య పాత చీరతో కట్టిన ఉయ్యాల. ఆవిడ ఉయ్యాల్లోంచి పాపని తీసి గుండెలకు అదుముకుని ఉంది. తల మీద కిరీటం అలాగే ఉంది. చేతుల నిండా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పాపకి చుట్టిన గుడ్డ తడిసిపోయింది.

అమ్మ ఏమీ అడగలేదు. భుజాల మీంచి శాలువా తీసి, మడత విప్పి, పాపని అందులో పెట్టి, మెడ కిందనుంచి కాళ్ళ దాకా రెండు చుట్లు చుట్టింది. ఆవిడ కంగారుపడి "వద్దమ్మా, రంగు అంటుకుంటుంది, ఖరీదైన శాలువా" అంది. "రంగుదేముంది, కుంకుడుకాయ రసానికి పోతుంది. పాపను మీ అత్తగారికిచ్చి వెళ్ళమ్మా, గంట కొట్టేస్తారు" అంది అమ్మ. ఆవిడ పాపని ముద్దు పెట్టుకుంది. పెదాలకు, బుగ్గలకు ఉన్న గులాబీ రంగంతా శాలువా మూలకు అంటింది. అప్పుడే గంట కొట్టారు.

మిగతా నాటకం అమ్మ కొంగు భుజాల చుట్టూ లాక్కుని చూసింది. ఆట విడిచాక బయట సన్నటి జల్లు. నాన్న ఏమీ అడగలేదు. కోటు విప్పి అమ్మ భుజాల మీద వేశారు. నలుగురూ చూస్తున్న వీధిలో, పెట్రోమాక్స్ వెలుగులో, మా నాన్న మా అమ్మకి కోటు తొడిగారు. చేతులు దూర్చుకోమన్నారు కూడా. తెల్ల నేత చీర మీద బూడిద రంగు మగ కోటు, చేతులు వేళ్ళ దాకా వచ్చేశాయి, తలలో వాడిన డిసెంబరాలు. ఆ రాత్రి రంగస్థలం మీద చూసిన రాణులెవరూ మా అమ్మంత అందంగా లేరు. నాన్న చొక్కా మీద, మఫ్లరు ఒక్కటే చుట్టుకుని, చేతులు కట్టుకుని ముందు నడిచారు. నేనూ తమ్ముడూ వెనక.

ఆ తర్వాత నాలుగో రోజో అయిదో రోజో, గుడారం విప్పేస్తుంటే ఆవిడ వచ్చి శాలువా ఇచ్చి వెళ్ళింది. ఉతికి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి తెచ్చింది. మరక కొంచెం వెలిసింది కానీ పోలేదు. బావి గట్టు మీద ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నేను బడికి టైమవుతోందని పరిగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి వెనక స్థలంలో గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ లేదు.

*

ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక మొదటి చలికాలం నన్ను భయపెట్టింది. అంత పొడి చలి మా వైపు ఎరగం. లేడీస్ హాస్టల్లో నాతో ఉన్న అమ్మాయిలతో కలిసి రోడ్డు పక్కన నేపాలీల దగ్గర స్వెట్టరు కొన్నాను. నేవీ బ్లూ, ముందు బొత్తాలు. ఏ చీర మీదికైనా నప్పుతుందని అందరం అదే రంగు కొన్నాం. సాయంత్రం ఆఫీసు వదిలాక బస్టాపులో చూస్తే ఆడవాళ్ళం అందరం ఒకేలా ఉండేవాళ్ళం.

కానీ అదే స్వెట్టరు వేసుకుని రవీంద్రభారతికి వెళ్ళేదాన్ని. రవీంద్రుడి శతజయంతికి కట్టిన ఆ హాల్లో మొదటిసారి మెత్తటి కుర్చీలో కూర్చున్నప్పుడు ఏదో వెలితి. తర్వాత అర్థమైంది, కలరా ఉండల వాసన లేదు. పద్యనాటకాలు, సాంఘికాలు, నంది నాటకోత్సవాలు, ఏది దొరికితే అది చూశాను. సురభి వాళ్ళని పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళా తోరణంలో చూసినప్పుడు, మబ్బు మీద నారదుడు దిగుతుంటే పక్కనున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నానట. 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మన బావి నీళ్ళు తాగిన వాళ్ళకే" అంది. ఆయన సమాజం వేరని చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మకు సురభి వాళ్ళందరూ ఒకే కుటుంబం. ఆ మాటలో తప్పూ లేదు. 2022లో ఆయన పోయారని విన్నప్పుడు ఇద్దరం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకోలేదు, ఫోన్ పెట్టేయనూ లేదు.

ఆ నేవీ బ్లూ స్వెట్టరు పోతే ఇంకో నేవీ బ్లూ స్వెట్టరు. అలా రిటైరయ్యేదాకా. మోచేతుల దగ్గర ఉండలు కట్టినా, బ్లేడుతో గీకి వేసుకునేదాన్ని. ఒంటికి ఏది నప్పుతుందని ఆలోచించే తీరిక లేదు. తీరిక దొరికాక, అరవై దాటినవాళ్ళకు రంగులెందుకులే అనిపించింది.

*

శాలువా తెచ్చుకున్న వారానికి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, రవీంద్రభారతిలో సురభి నాటకం ఉంది, వెళ్దాం. ప్లీజ్, ఆ నీలం స్వెట్టరు మాత్రం వద్దు. ఏదైనా కొత్తది కొందాం."

కొత్తది కొనలేదు. ట్రంకు పెట్టెలోంచి తెచ్చిన శాలువా తీసుకుని మా వీధి చివర టైలరు మాస్టారు దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, రెండు వేళ్ళతో రుద్ది చూసి, "ఇట్లాంటి ఉన్ని ఇప్పుడు రాట్లేదమ్మా. కత్తెర పెట్టమంటారా, ఆలోచించుకోండి" అన్నాడు. రెండు రోజులు ఆలోచించాను. చిమటలు ఒకచోట రెండు చిన్న చిల్లులు చేశాయి. ఇంకో పదేళ్ళు పెట్టెలో దాస్తే నాకు మిగిలేది ఆ చిల్లులే. వెళ్ళి కత్తెర పెట్టమన్నాను.

మోకాళ్ళ దాకా వచ్చే పొడుగు కోటు, చేతుల్లేకుండా, మామిడి పిందెల అంచు ముందు రెండు వైపులా నిలువుగా దిగేలా. భుజాల దగ్గర నాన్న కోటు కొలత ఇచ్చాను, కొంచెం వదులుగా, పైనుంచి ఎవరో వేసినట్టుండాలని. లోపల లైనింగుకి అమ్మ పాత పట్టుచీర. చిమటలు కొట్టిన చోటు కటింగులో పోయింది. మరక ఉన్న మూల చేతిలోకి తీసుకుని, "ఇది ఎటూ వాడలేం, తీసేస్తానమ్మా" అన్నాడు మాస్టారు. "వద్దు బాబూ. ఆ ముక్కతో లోపల ఎడమవైపు జేబు పెట్టండి" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, సరేనని సుద్దముక్కతో గీత గీశాడు. చెమ్కీని ఇంటికొచ్చాక నేనే ఎర్ర దారంతో ఆ జేబు అంచున కుట్టుకున్నాను. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పట్టింది.

నాటకం రోజు తెల్ల నేత చీర, నిండు చేతుల ఎర్ర రవిక, పైన కోటు. కాళ్ళకు చెప్పులు మానేసి బూట్లు. అద్దంలో చూసుకుంటే బావుంది. ఈ చలికాలానికే కాదు, ఇక మీదట అన్ని చలికాలాలకీ నాకిదే నప్పుతుందనిపించింది. అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయి, "ఎక్కడ కొన్నావమ్మా?" అని అడిగింది. చారల స్వెట్టరు చూసి స్నేహితురాళ్ళు అడిగినట్టే.

హాల్లో ఏసీ చలి. మూడో గంట, సాంబ్రాణి, హార్మణీ. అడవి తెర లేచింది. ముందు వరసలో ఓ చిన్న పిల్లాడు బాణాలు ఢీకొంటుంటే లేచి నిలబడ్డాడు, వాళ్ళమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. నేను తీగ కోసం వెతికాను. కనిపించలేదు.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడితే అమ్మాయి చేతులు రుద్దుకుంటోంది. పల్చటి టాపు, పైన ఏమీ లేదు. కోటు విప్పి దాని భుజాల మీద వేశాను. ఆటోలో కూర్చున్నాక అది చలికి చెయ్యి లోపలి జేబులో పెట్టుకుంది. వేలికి చెమ్కీ తగిలినట్టుంది, జేబు తిప్పి సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది.

"ఇదేంటమ్మా, మరక?"

చెప్పాను. ముసురు, ఉయ్యాల, కిరీటం, నాన్న కోటు, అన్నీ. ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర ఆటో చాలాసేపు ఆగింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూస్తూ వింటున్నాడు. అమ్మాయి ఆ జేబు మీద వేలితో రాస్తూనే ఉంది.

"ఆవిడ పేరేంటమ్మా?"

"అమ్మమ్మకి తెలుసు" అన్నాను. "నేనెప్పుడూ అడగలేదు."